మారుతున్న వాతావరణంలో ధ్రువ సముద్రాల పైనీటి బ్యాక్టీరియా

ధ్రువ సముద్రాల పైనీటిలో, అంటే వెలుతురు చొరబడగలిగిన పైపొరలో, మిల్లీలీటరుకు లక్ష నుంచి పది లక్షల దాకా బ్యాక్టీరియా కణాలు ఉంటాయి. ఏడాదిలో చాలా కాలం ఆ నీటి ఉష్ణోగ్రత మైనస్ 1.8 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటుంది. ఉప్పు వల్ల గడ్డకట్టకుండా ఆగి ఉన్న నీరన్నమాట. తేటగా, ఏమీ లేనట్టు కనిపించే ఆ నీరు ఒక్క చెంచాడు తీసుకున్నా అందులో లక్షల ప్రాణులు ఉంటాయి. ఆర్కిటిక్ మహాసముద్రంలోనూ, అంటార్కిటికా చుట్టూ ఉన్న దక్షిణ మహాసముద్రంలోనూ తిమింగిలాలు, సీళ్లు, పెంగ్విన్లు, ధ్రువపు ఎలుగుబంట్లు ఎంత పేరు పొందినా, కర్బనం ఎటు పోవాలో తేల్చడంలో ఈ కంటికి కనిపించని కణాలకే పెద్ద వాటా ఉంది.

ఈ సంగతిని సముద్ర శాస్త్రం ఆలస్యంగా గుర్తించింది. ఇరవయ్యో శతాబ్దంలో చాలా కాలం సముద్రపు ఆహార గొలుసు అంటే డయాటమ్‌ల వంటి వృక్షప్లవకాలు, వాటిని మేసే క్రిల్ వంటి చిన్న ప్రాణులు, వాటిని తినే చేపలు, తిమింగిలాలు. బ్యాక్టీరియాకు అందులో చోటు లేదు. చచ్చినవాటిని కుళ్లబెట్టే పని మాత్రమే వాటిదనుకున్నారు. 1974లో లారెన్స్ పొమరాయ్, 1983లో ఫరూక్ ఆజమ్, ఆయన సహచరులు ఈ చిత్రాన్ని మార్చారు. వృక్షప్లవకాలు తయారుచేసిన చక్కెరలు, ప్రోటీన్లలో చెప్పుకోదగ్గ భాగం నీటిలోకి ఊరిపోతుంది. కణాలు పగిలినప్పుడు, మేత మేసే ప్రాణులు సగం తిని సగం వదిలినప్పుడు మరికొంత కలుస్తుంది. నీటిలో కరిగిన ఈ తిండిని పెద్ద ప్రాణులు అందుకోలేవు. బ్యాక్టీరియా దాన్ని పీల్చుకుని ఒళ్లు చేసుకుంటాయి. వాటిని కశాభాలున్న ఏకకణ జీవులు తింటాయి, ఆ జీవులను ఇంకాస్త పెద్దవి తింటాయి. ఈ దారికి సూక్ష్మజీవుల వలయం అని పేరు. దారిలో ప్రతి అంచెలోనూ కొంత కర్బనం ఊపిరిగా కరిగి కార్బన్ డయాక్సైడై నీటిలోకి తిరిగిపోతుంది.

ధ్రువాల విషయంలో అసలు ప్రశ్న ఇక్కడే ఉంది. వేసవిలో పుట్టిన కర్బనం క్రిల్ కడుపులోకి పోతుందా, మంచు కింద నుంచి సముద్రపు అడుగుకు దిగిపోతుందా, లేక పైనీటిలోనే బ్యాక్టీరియా చేతుల మీదుగా తిరిగి గాలి వైపు వెళ్తుందా? మానవుల వల్ల వెలువడిన కార్బన్ డయాక్సైడ్‌లో మహాసముద్రాలన్నీ కలిసి పీల్చుకున్న దానిలో దక్షిణ మహాసముద్రం ఒక్కటే ఇంచుమించు 40 శాతం పీల్చుకుందని అంచనా. అందుకే అక్కడి పంపకాల్లో కొద్ది తేడా వచ్చినా లెక్కలోకి వస్తుంది.

ఈ నీటిలో ఉండేవి ఎవరు

ధ్రువ జలాల్లో చలికాలమంతా ఎక్కువగా కనిపించేది సార్-11 అనే వర్గం. దీని జన్యుముద్ర మొదటిసారి 1990లో ఉష్ణమండలానికి దగ్గరున్న సర్గాసో సముద్రపు నీటిలో దొరికింది. 2002లో దీన్ని ప్రయోగశాలలో పెంచగలిగారు. పెలాజీబ్యాక్టర్ యుబీక్ అని పేరు పెట్టారు. మైక్రాన్‌కు మించని పొడవు, దాదాపు 13 లక్షల అక్షరాల జన్యుపటం: స్వేచ్ఛగా బతికే జీవుల్లో అప్పటికి అంతకంటే చిన్న జన్యుపటం తెలియదు. అవసరం లేని సామానంతా వదిలించుకుని, పలచటి నీటిలోంచి దొరికిన కొద్దిపాటి తిండినే పట్టుకుని బతికే జీవి ఇది. గంధకాన్ని సల్ఫేటు నుంచి స్వయంగా తయారు చేసుకోవడం కూడా దీనికి చేతకాదు. వృక్షప్లవకాలు వదిలే గంధక సమ్మేళనాల మీద ఆధారపడుతుంది.

దీనికి పూర్తిగా భిన్నమైన స్వభావం పోలారిబ్యాక్టర్‌ది. పేరులోనే ధ్రువం ఉన్న ఈ ప్రజాతిని సముద్రపు మంచు నుంచి వేరుచేసిన రకాల ఆధారంగా 1998లో వర్ణించారు. ఇది కరువులో ఒదిగి ఉంటుంది, పంట పండగానే విజృంభిస్తుంది. డయాటమ్‌ల కణాల్లో నిలవ ఉండే పిండిపదార్థాల వంటి పెద్ద అణువులను కోసి, ముక్కలను లోపలికి లాక్కునే ఎంజైములు దీని దగ్గర పుష్కలంగా ఉన్నాయి. రోజియోబ్యాక్టర్ వర్గం, సార్-92 వర్గం కూడా ఈ పంట కాలపు జీవులే. అంటార్కిటికాలో రాస్ సముద్రం, అముండ్సెన్ సముద్రంలో మంచు మధ్య తెరుచుకునే నీటిమడుగుల్లో ఫియోసిస్టిస్ అంటార్కటికా అనే ప్లవకం జిగురు గుంపులుగా పెరిగినప్పుడు వీటికి పండగ. ఫియోసిస్టిస్ డైమిథైల్ సల్ఫోనియో ప్రొపియనేట్ అనే గంధక పదార్థాన్ని పెద్ద మొత్తంలో తయారుచేస్తుంది. బ్యాక్టీరియా దాన్ని తింటూ కొంత భాగాన్ని డైమిథైల్ సల్ఫైడ్ వాయువుగా మారుస్తాయి. సముద్రపు గాలికి ఉండే ఆ ప్రత్యేకమైన వాసనలో దీని పాత్ర ఉంది. గాలిలోకి చేరాక మేఘపు చుక్కలు పుట్టడానికి కావలసిన రేణువులు కూడా దీని నుంచి ఏర్పడతాయి.

బ్యాక్టీరియాతో పాటు ఆర్కియా అనే వేరే వంశపు ఏకకణ జీవులను కూడా ఈ సమాజంలో కలిపి చూడాలి. అంటార్కిటిక్ తీరపు పైనీటిలో కేంద్రకం లేని సూక్ష్మజీవుల మొత్తంలో ఆర్కియా వాటా 34 శాతం దాకా ఉండవచ్చని 1994లో ఎడ్వర్డ్ డిలాంగ్ బృందం ప్రకటించింది. అప్పటిదాకా ఆర్కియా అంటే వేడినీటి బుగ్గల్లోనూ, ఉప్పు మడుగుల్లోనూ ఉండేవనే అభిప్రాయం ఉండేది. ధ్రువ చలికాలపు నీటిలో ఇవి అమోనియాను ఆక్సీకరించి ఆ శక్తితో, వెలుతురు అక్కర లేకుండా, కార్బన్ డయాక్సైడ్‌ను ఒంట్లో కలుపుకుంటాయి. వెచ్చని సముద్రాల్లో ఇటువంటి జీవులు చాలావరకు లోతు నీటికి పరిమితం. ధ్రువాల్లో చీకటి నెలల్లో పైకే వస్తాయి.

రెండు ధ్రువాలూ ఒకే రకం చలి, ఒకే రకం చీకటి పంచుకుంటాయి కాబట్టి రెండు చోట్లా ఒకే జీవులు ఉంటాయనుకోవడం సహజం. 2012లో వెలువడిన ఒక విస్తృత పోలిక ఈ ఊహను నిలవనివ్వలేదు. దక్షిణ మహాసముద్రపు పైనీటిలో దొరికిన రకాల్లో 78 శాతం అక్కడివే. ఆర్కిటిక్ పైనీటి రకాల్లో 70 శాతం ఆర్కిటిక్‌కే సొంతం. అయినా మధ్య అక్షాంశాల సముద్రాలతో పోలిస్తే ఈ రెండూ ఒకదానికొకటి దగ్గరి చుట్టాలే. లోతు నీటిలో ఈ దూరం తగ్గుతుంది, ఎందుకంటే అక్కడి నీరు నెమ్మదిగా ప్రపంచమంతా తిరుగుతుంది. పైనీటి బ్యాక్టీరియా మాత్రం స్థానికులు. ఆర్కిటిక్ చుట్టూ భూమి ఉంది, పెద్ద పెద్ద నదులు వచ్చి పడతాయి. అంటార్కిటికా చుట్టూ ఆపేది ఏదీ లేని నీటి ప్రవాహం గిరగిరా తిరుగుతుంది; నదులు లేవు, ఇనుము కరువు. ఆ తేడాలన్నీ జీవుల పట్టికలో కనిపిస్తాయి.

చలిలో బతుకు

చలిలో కణపు పొర గడ్డకట్టిన నెయ్యిలా బిగుసుకుంటుంది. ఎంజైముల పని మందగిస్తుంది. డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏల మడతలు విడిపోవడం కష్టమవుతుంది. చలికి అలవాటుపడిన బ్యాక్టీరియా పొరలో అసంతృప్త కొవ్వు ఆమ్లాలను పెంచి దాన్ని మెత్తగా ఉంచుకుంటాయి. వాటి ఎంజైములు వదులుగా, తేలికగా వంగే ఆకారంలో ఉంటాయి, దానికి మూల్యంగా కాస్త వేడికే చెడిపోతాయి.

ఈ రంగంలో హైదరాబాదులోని సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీకి దీర్ఘకాలపు కృషి ఉంది. ఎస్. శివాజీ బృందం అంటార్కిటికాలో షిర్మాకర్ ఒయాసిస్ మట్టి నుంచి స్ఫింగోబ్యాక్టీరియం అంటార్కటికస్ అనే కొత్త జాతిని 1992లో వర్ణించింది. దాని కెరోటినాయిడ్ రంగులు పొర బిగువును సర్దుబాటు చేయడంలో ఎలా తోడ్పడతాయో ఆ సంస్థలోనే పరిశీలించారు. మలయ్ కె. రే బృందం అంటార్కిటిక్ సూడోమోనాస్ ఒకదాన్ని తీసుకుని, 4 డిగ్రీల దగ్గర పెరగాలంటే డీఎన్‌ఏ తెగిన చోట్లను బాగుచేసే ఒక ఎంజైము తప్పనిసరి అని చూపింది. మామూలు వెచ్చదనంలో అది లేకపోయినా ఆ బ్యాక్టీరియా బతికేస్తుంది. ఇవి మట్టి జీవులే గాని, అవి చూపిన సూత్రాలు సముద్రపు జీవులను అర్థం చేసుకోవడానికీ పనికొచ్చాయి.

సముద్రపు వైపు ఎక్కువగా అధ్యయనం చేసిన ఉదాహరణ కోల్వెల్లియా సైక్రరిత్రియా. దీని జన్యుపటం 2005లో పూర్తయింది. ఇది మైనస్ 10 డిగ్రీల దగ్గర కూడా ఈదగలదని అంతకు రెండేళ్ల ముందే గమనించారు. అలాస్కాలోని పాయింట్ బారో దగ్గర సముద్రపు మంచులో దొరికిన సైక్రోమోనాస్ ఇన్‌గ్రహామీ మైనస్ 12 డిగ్రీల దగ్గర పెరుగుతుంది. ఒక కణం రెండు కావడానికి 240 గంటలు, అంటే పది రోజులు పడుతుంది.

మంచు, వెలుతురు, ఏడాది చక్రం

సముద్రపు నీరు గడ్డకట్టేటప్పుడు ఉప్పు మంచు స్ఫటికంలో ఇమడదు. అది బయటికి నెట్టుకొచ్చి మంచు లోపల సన్నని గొట్టాల్లో, వెంట్రుక మందం సందుల్లో చిక్కటి ఉప్పునీరుగా నిలుస్తుంది. మైనస్ 10 డిగ్రీల దగ్గర ఆ సందుల్లోని నీరు మామూలు సముద్రపు నీటికంటే నాలుగింతలు ఉప్పగా ఉంటుంది. మంచు ఏర్పడుతున్నప్పుడే చిక్కుకున్న డయాటమ్‌లు, బ్యాక్టీరియా అందులోనే చలికాలం గడుపుతాయి. చుట్టూ జిగురు పదార్థాన్ని అల్లుకుంటాయి. ఆ జిగురు స్ఫటికాల అంచుల నుంచి కణాన్ని కాపాడుతుంది, సందు మూసుకుపోకుండా చూస్తుంది. వసంతంలో మంచు అడుగు భాగం గోధుమరంగులోకి మారుతుంది, అదంతా డయాటమ్‌ల పంట. మంచు కరిగినప్పుడు ఆ పంట, దాన్ని నమ్ముకున్న బ్యాక్టీరియా కలిసి కింది నీటిలోకి జారిపడతాయి.

అప్పుడు పైనీటిలో వంతులవారీ మార్పు మొదలవుతుంది. అంటార్కిటిక్ ద్వీపకల్పం దగ్గర అన్వర్స్ దీవి తీరంలో, అమెరికాకు చెందిన పామర్ స్టేషన్ పక్కన, చలికాలం చివర సార్-11, ఆర్కియా ఆధిక్యంలో ఉన్న నీటిలోకి వృక్షప్లవకాల పెరుగుదల వెంట పోలారిబ్యాక్టర్ వచ్చి చేరుతుంది, రోజియోబ్యాక్టర్ బంధువులు తోడవుతాయి. కొద్ది వారాల్లో సమాజపు ముఖమే మారిపోతుంది. తిండి తరిగాక మళ్లీ పొదుపరులదే పైచేయి. ప్రతి ఏడూ ఇదే వరసలో, ఇంచుమించు ఇవే పాత్రధారులతో నడవడం ఈ సమాజాల ముఖ్య లక్షణం. వాటి గడియారం ఉష్ణోగ్రత కాదు. వెలుతురు, మంచు, ప్లవకాల పంట.

వైరస్‌లకు కూడా ఈ గడియారమే. చలికాలంలో, వసంతం మొదట్లో చాలా వైరస్‌లు బ్యాక్టీరియా జన్యుపటంలో కలిసిపోయి నిద్రాణంగా ఉంటాయి. వేసవిలో బ్యాక్టీరియా పెరగగానే మేలుకొని కణాలను పగలగొడతాయి. పశ్చిమ అంటార్కిటిక్ ద్వీపకల్పపు నీటిలో 2016లో ప్రచురితమైన అధ్యయనం దీన్ని చూపింది. పగిలిన కణాల్లోని సారం మళ్లీ మిగతా బ్యాక్టీరియాకే తిండి అవుతుంది.

చలా, తిండా

ధ్రువాల్లో బ్యాక్టీరియా పెరుగుదల మందకొడిగా ఉంటుంది. అంటార్కిటిక్ జలాల్లో వృక్షప్లవకాలు తయారుచేసే కర్బనంలో బ్యాక్టీరియా ఒళ్లుగా మారేది తరచు 5 శాతం లోపే. వెచ్చని సముద్రాల్లో ఈ వాటా 10 నుంచి 20 శాతం దాకా ఉంటుంది. ఎందుకింత తక్కువ? ఈ విషయం మీద శాస్త్రవేత్తల వాదన నాలుగు దశాబ్దాలుగా నడుస్తోంది. 1986లో పొమరాయ్, డాన్ డీబెల్ న్యూఫౌండ్లాండ్ తీరపు చల్లటి నీటిని పరీక్షించి, వసంతపు పంట ఉన్నా బ్యాక్టీరియా దాన్ని అందుకోలేకపోవడానికి చలే కారణమన్నారు. అది నిజమైతే నీరు వేడెక్కగానే బ్యాక్టీరియా తిండిలో వాటా పెంచుకుంటుంది, క్రిల్‌కూ చేపలకూ మిగిలేది తగ్గుతుంది.

తర్వాతి ప్రయోగాలు ఇంత సూటి జవాబు ఇవ్వలేదు. చల్లటి నీటికి కాస్త చక్కెర, అమైనో ఆమ్లాలు కలిపితే బ్యాక్టీరియా అదే చలిలో చురుగ్గా పెరిగిన సందర్భాలున్నాయి. చలిలో పొర బిగుసుకోవడం వల్ల పలచటి తిండిని పట్టుకునే శక్తి తగ్గుతుందనీ, అందువల్ల చలి ఎంత ఎక్కువైతే తిండి అంత ఎక్కువ కావాలనీ పొమరాయ్, విలియం వీబ్ 2001లో వివరించారు. ఆర్కిటిక్, అంటార్కిటిక్ కొలతలను కలిపి చూసిన డేవిడ్ కిర్చ్‌మన్ బృందం 2009లో ఉష్ణోగ్రత ఒక్కటే సరిపోదనీ, తిండి సరఫరాను దానితో కలిపి చూడాలనీ తేల్చింది. ఈ వాదనలో ఇప్పటికి బలంగా నిలిచే పక్షం ఇదే: వాతావరణ మార్పు ఈ జీవులను నేరుగా వేడితో తాకేది తక్కువ, మంచు ద్వారా, ప్లవకాల ద్వారా, నీటి ప్రవాహాల ద్వారా తాకేది ఎక్కువ.

2009 నుంచి 2013 దాకా సాగిన టారా నౌకాయాత్రల నమూనాల నుంచి ఇంకో ముఖ్యమైన సంగతి తెలిసింది. 126 స్థానాల్లో తీసిన నీటిలోని జన్యువులను, వాటి పనిని పోల్చి చూస్తే, వెచ్చని నీటిలో పరిస్థితి మారినప్పుడు ఉన్న జీవులే తమ జన్యువుల పనితీరును మార్చుకుని సర్దుకునే వాటా ఎక్కువ. ధ్రువ జలాల్లో ఆ వాటా తక్కువ. అక్కడ సమాజపు పని మారాలంటే ఒక జీవి పోయి మరో జీవి రావాలి. అంటే వేడెక్కే ధ్రువ సముద్రంలో పాత బ్యాక్టీరియా కొత్త పని నేర్చుకుంటుందని ఆశించలేం. దాని స్థానంలోకి వేరొకటి వస్తుంది.

ఆర్కిటిక్‌లో కనిపిస్తున్న మార్పులు

1979 నుంచి ఆర్కిటిక్ ప్రాంతం ప్రపంచ సగటుకు దాదాపు నాలుగింతల వేగంతో వేడెక్కింది. 1980ల్లో సెప్టెంబరులో సగటున 70 లక్షల చదరపు కిలోమీటర్ల దరిదాపుల్లో ఉన్న మంచు విస్తీర్ణం 2012 సెప్టెంబరులో 34 లక్షలకు పడిపోయింది. ఏళ్ల తరబడి నిలిచే మందపాటి మంచు తగ్గి, ఏటా పుట్టి ఏటా కరిగే పలచటి మంచు మిగిలింది.

మంచు కరిగితే మొదట జరిగేది నీరు పొరలుగా విడిపోవడం. మంచినీరు తేలిక, ఉప్పునీటి మీద తేలుతుంది. కింది నీటిలోని నైట్రేటు పైకి రావడం కష్టమవుతుంది. కెనడా బేసిన్‌లో 2004 నుంచి 2008 దాకా జరిపిన కొలతల్లో ఇదే కనిపించింది: పెద్ద ప్లవకాలు తగ్గాయి, రెండు మైక్రాన్ల లోపు సన్నని ప్లవకాలు పెరిగాయి, వాటితో పాటు బ్యాక్టీరియా సంఖ్య కూడా పెరిగింది. సన్నని కణాలు తొందరగా మునగవు. వాటి కర్బనం పైనీటిలోనే సూక్ష్మజీవుల మధ్య తిరుగుతుంది. బోఫర్ట్ సముద్రంలో 2003 నుంచి 2010 దాకా సేకరించిన నమూనాలను, 2007 నాటి భారీ మంచు నష్టానికి ముందు, తర్వాత అని విడదీసి చూసినప్పుడు బ్యాక్టీరియా వైవిధ్యం తగ్గినట్టు, పోలారిబ్యాక్టర్ చేరిన బాక్టీరాయిడీటిస్ వర్గం పలచబడినట్టు తేలింది. అమోనియాను ఆక్సీకరించే ఆర్కియా, అంతకుముందు ఆ పొరలోని ఆర్కియాలో 60 శాతం దాకా ఉన్నవి, 10 శాతం లోపుకు వచ్చాయి. ఏడెనిమిదేళ్లలో ఇంత మార్పు.

అయితే ఆర్కిటిక్ అంతా ఒకే దారిలో లేదు. తీరాల దగ్గరి లోతు తక్కువ నీటిలో వెలుతురు పెరిగి పంట పెరిగింది. మొత్తం మీద 1998 నుంచి 2018 దాకా ఆర్కిటిక్ మహాసముద్రపు ప్రాథమిక ఉత్పత్తి 57 శాతం పెరిగిందని ఉపగ్రహ కొలతల ఆధారంగా లెక్కగట్టారు. ఆ పంటలో బ్యాక్టీరియా వాటా ఎంతన్నది ఒక్కో తీరానికి ఒక్కోలా ఉంటుంది.

అట్లాంటిక్ వైపు నుంచి వచ్చే మార్పు మరో రకం. గ్రీన్లాండ్‌కూ స్వాల్బార్డ్‌కూ మధ్య ఫ్రామ్ జలసంధిలో తూర్పు పక్కగా వెచ్చని, ఉప్పని అట్లాంటిక్ నీరు ఉత్తరానికి పోతుంది, పడమటి పక్కగా చల్లటి ధ్రువ నీరు మంచును మోసుకుంటూ దక్షిణానికి వస్తుంది. ధ్రువ నీరు, మంచు ఎక్కువున్నప్పుడు ఏడాది పొడవునా నిలకడగా ఉండే స్థానిక బ్యాక్టీరియా కనిపిస్తుంది. నేలమీది నుంచి నదులు తెచ్చిన పదార్థాలను, ఇతర బ్యాక్టీరియా మిగిల్చిన సారాన్ని వాడుకునే జన్యువులు వాటిలో ఎక్కువ. అట్లాంటిక్ నీరు చేరి మంచు తగ్గినప్పుడు ఋతువుతో పాటు ఎగసిపడే రకాలు వస్తాయి. వాటి జన్యువులు వృక్షప్లవకాల తాజా సారానికి సరిపోయేవి. వెచ్చని ప్రవాహం లోపలికి చొరబడే కొద్దీ స్థిరనివాసుల చోటు కుంచించుకుపోతుంది.

అదే ప్రవాహం మీద కొత్త అతిథులూ వస్తున్నాయి. ఉష్ణమండలంలో అత్యధిక సంఖ్యలో ఉండే ప్రోక్లోరోకాకస్ అనే కిరణజన్య బ్యాక్టీరియా సుమారు 40 డిగ్రీల అక్షాంశం దాటి కనిపించడం అరుదు. దాని బంధువు సైనెకోకాకస్ కూడా ధ్రువ జలాల్లో లేదనే చాలా కాలం భావించారు. 2014లో స్వాల్బార్డ్ పడమర, ఉత్తర దిక్కుల అట్లాంటిక్ నీటిలో 82 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా దాన్ని లెక్కపెట్టగలిగారు. బేరింగ్, చుక్చీ సముద్రాల్లోనైతే గాలిలోని నత్రజనిని స్థిరీకరించే యుసిన్-ఎ 2018లో వెలుగుచూసింది. ఇది ఒక నాచు కణం లోపల ఉంటుంది. అప్పటికి దీన్ని సహజీవన సైనోబ్యాక్టీరియా అన్నారు. ఇది ఆ కణంలో భాగంగానే మారిపోయిందని, అంటే కణాంగమని 2024లో ప్రకటించారు. నైట్రేటు కరువున్న ఆర్కిటిక్‌లో గాలి నుంచి నత్రజని చేరడం చిన్న విషయం కాదు.

నదుల సంగతి ఆర్కిటిక్‌కే ప్రత్యేకం. ప్రపంచ సముద్రాల ఘనపరిమాణంలో సుమారు 1 శాతం మాత్రమే ఉన్న ఈ సముద్రంలోకి ప్రపంచపు నదీజలాల్లో ఇంచుమించు పదో వంతు వచ్చి పడుతుంది. లీనా, యెనిసే, ఓబ్, మెకెంజీ నదులు కరుగుతున్న శాశ్వత హిమభూముల నుంచి టీ డికాషన్ రంగు నీటిని మోసుకొస్తాయి. ఆ రంగు వెలుతురును అడ్డుకుని ప్లవకాల పంటను తగ్గిస్తుంది, బ్యాక్టీరియాకు మాత్రం తిండి పెడుతుంది. కెనడా బేసిన్‌లో పైపొర దిగువన ఉండే క్లోరోఫ్లెక్సి వర్గపు బ్యాక్టీరియా జన్యుపటాల్లో నేలమొక్కల నుంచి వచ్చే కఠినమైన ఆరోమాటిక్ సమ్మేళనాలను విడగొట్టే జన్యువులు దొరికాయి. వేల ఏళ్లుగా గడ్డకట్టి ఉన్న మట్టిలోని కర్బనం కరిగి సముద్రానికి చేరితే దాన్ని తినగలిగినవి అక్కడ ముందే సిద్ధంగా ఉన్నాయన్నమాట.

దక్షిణ మహాసముద్రంలో

ఇక్కడ మార్పు ఆలస్యంగా, ఎగుడుదిగుడుగా వచ్చింది. అంటార్కిటిక్ మంచు విస్తీర్ణం 2014లో 2 కోట్ల చదరపు కిలోమీటర్లు దాటి రికార్డు సృష్టించింది. 2016 చివర నుంచి దిశ మారి, 2023 ఫిబ్రవరిలో సుమారు 18 లక్షల చదరపు కిలోమీటర్లకు, ఉపగ్రహ రికార్డులో అప్పటికి అతి తక్కువకు, దిగింది. దీనికి ముందే వేడెక్కిన చోటు ఒకటుంది: పశ్చిమ అంటార్కిటిక్ ద్వీపకల్పం. ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో అక్కడి చలికాలపు గాలి ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు పైగా పెరిగింది. ఆ తీరంలో మూడు దశాబ్దాల్లో వృక్షప్లవకాల పరిమాణం మొత్తం మీద 12 శాతం తగ్గిందని, ఉత్తర భాగంలో తగ్గి దక్షిణ భాగంలో పెరిగిందని 2009లో ప్రకటించారు. హిమానీనదాల కరుగునీరు చేరిన చోట్ల పెద్ద డయాటమ్‌ల స్థానంలో క్రిప్టోఫైట్‌లు అనే సన్నని కణాలు ఎక్కువయ్యాయి. క్రిల్ అంత సన్నని కణాలను బాగా వడగట్టలేదు. తిండిలో పెద్ద ప్రాణుల వాటా తగ్గి సూక్ష్మజీవుల వాటా పెరిగే దారి ఇది. బ్యాక్టీరియా ఏమీ చేయకుండానే, మేసేవాళ్లు మారడం వల్లనే, వాటి చేతికి ఎక్కువ కర్బనం చిక్కుతుంది.

దక్షిణ మహాసముద్రపు నడిభాగంలో లోటు ఇనుముది. నైట్రేటు, ఫాస్ఫేటు నిండుగా ఉన్నా ఇనుము లేక పంట పండదు. బ్యాక్టీరియాకు కూడా ఇనుము కావాలి, కాబట్టి ప్లవకాలతో పోటీ పడుతుంది. జర్మనీ ఆల్ఫ్రెడ్ వెగెనర్ సంస్థ, గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ కలిసి 2009లో జర్మన్ నౌక పోలార్‌స్టెర్న్ మీద లోహాఫెక్స్ ప్రయోగం జరిపాయి. దక్షిణ అట్లాంటిక్ వైపు 300 చదరపు కిలోమీటర్ల సుడిలో ఇనుప లవణం చల్లి వారాల పాటు వెంట నడిచారు. ఆ నీటిలో సిలికా తక్కువ కావడంతో డయాటమ్‌లు పెరగలేదు; పెరిగిన చిన్న ప్లవకాలను మేసే ప్రాణులు మేసేశాయి. అన్నిటికంటే ఆశ్చర్యం బ్యాక్టీరియా సమాజం దాదాపు చెక్కుచెదరకుండా ఉండడం. సంఖ్య కూడా పెద్దగా మారలేదు. పుట్టినవాటిని పుట్టినట్టే ఏకకణ జీవులు తినేస్తుంటే పైకి నిలకడ కనిపిస్తుంది, లోపల చక్రం వేగంగానే తిరుగుతూ ఉంటుంది. లెక్కపెట్టిన సంఖ్య చూసి సమాజం నిద్రపోతోందనుకోకూడదని ఈ ప్రయోగం గట్టిగా చెబుతుంది.

పోటీతో పాటు ఇచ్చిపుచ్చుకోవడం కూడా ఉంది. చాలా డయాటమ్‌లకు బి12 విటమిన్ కావాలి, దాన్ని అవి తయారు చేసుకోలేవు. మెక్‌మర్డో సౌండ్‌లో మంచు అంచు దగ్గర 2015లో ప్రచురితమైన పరిశోధన ఆ విటమిన్‌ను ప్రధానంగా ఓషనోస్పిరిల్లేసీ కుటుంబపు బ్యాక్టీరియా ఒకటి అందిస్తోందని గుర్తించింది. ఇనుము, విటమిన్ రెండూ కలిపితేనే అక్కడి ప్లవకాలు బాగా పెరిగాయి. ఆ బ్యాక్టీరియా తగ్గితే ఇనుము ఉన్నా పంట కుంటుపడుతుంది.

ఆమ్లీకరణ

చల్లటి నీటిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా కరుగుతుంది కాబట్టి ఆమ్లీకరణ ధ్రువాల్లో ముందుగా తీవ్రమవుతుంది. 2010లో స్వాల్బార్డ్‌లోని కాంగ్స్‌ఫియోర్డ్‌లో తొమ్మిది పెద్ద తేలియాడే సంచుల్లో సముద్రపు నీటిని బంధించి, వేర్వేరు మోతాదుల్లో కార్బన్ డయాక్సైడ్ కలిపి చూశారు. బ్యాక్టీరియా సమాజంలో దాని నేరు ప్రభావం స్వల్పమే. తూర్పు అంటార్కిటికాలో డేవిస్ స్టేషన్ దగ్గర జరిపిన ప్రయోగాల్లో దెబ్బ తిన్నది బ్యాక్టీరియా కాదు, వాటిని తినే కశాభ జీవులు. వేటగాళ్లు తగ్గడంతో బ్యాక్టీరియా పెరిగింది. ఇక్కడా మార్పు చుట్టుతిరుగుడు దారిలోనే వచ్చింది.

కొలతలు, కొలిచే చోట్లు

ఒక లీటరు నీటిని 0.22 మైక్రాన్ల రంధ్రాలున్న పలచటి వడపోత బిళ్ల గుండా లాగితే దాని మీద మిగిలే కంటికి కనిపించని పూతలో ఈ సమాజమంతా ఉంటుంది. అందులోని డీఎన్‌ఏను చదివి ఎవరున్నారో తేలుస్తారు. ఎంత వేగంగా పెరుగుతున్నాయో తెలుసుకోవడానికి రేడియోధార్మిక లూసిన్‌ను కలిపి అది ఎంత తొందరగా ప్రోటీన్లలోకి చేరుతుందో కొలుస్తారు. 2021లో వెలువడిన ఒక సంకలనం ఆర్కిటిక్ జలాల నుంచే 530 బ్యాక్టీరియా, ఆర్కియా జన్యుపటాలను పునర్నిర్మించింది.

కష్టమంతా చలికాలంలోనే. పరిశోధనా నౌకలు వేసవిలో వెళ్తాయి, కాబట్టి పాత కొలతల్లో అధిక భాగం వేసవివే. పామర్ స్టేషన్‌లో 1990 నుంచి, అడిలైడ్ దీవిలోని బ్రిటిష్ స్టేషన్ రోథెరాలో 1997 నుంచి దీర్ఘకాల పరిశీలన సాగుతోంది. స్వాల్బార్డ్‌లోని న్యూ ఆలెసుండ్‌లో భారతదేశం 2008లో హిమాద్రి స్టేషన్‌ను తెరిచింది. 2014లో కాంగ్స్‌ఫియోర్డ్ నీటిలో 192 మీటర్ల లోతున ఇండార్క్ అనే పరికరాల గొలుసును దించింది. 2019 శరదృతువు నుంచి ఏడాది పాటు మోజాయిక్ యాత్రలో పోలార్‌స్టెర్న్ మంచులో ఇరుక్కుని దానితో పాటే కొట్టుకుపోతూ ధ్రువ రాత్రి అంతా నమూనాలు తీసింది.

ఫ్రామ్ జలసంధిలో మనుషులు లేకుండానే ఆ పని జరుగుతోంది. సముద్రపు అడుగుకు కట్టిన తాడుకు బిగించిన యంత్రం వారానికో రెండు వారాలకో ఒకసారి సుమారు లీటరు నీటిని పీల్చి ఒక్కో సంచిలో నింపుతుంది. లోపలి జీవులు అప్పటికప్పుడు నిలిచిపోయేలా ఆ సంచిలో ముందే మెర్క్యూరిక్ క్లోరైడ్ ఉంచుతారు. డిసెంబరు చీకట్లో నిండిన సంచి మంచు కింద అలాగే వేలాడుతూ, వేసవిలో నౌక వచ్చి తాడు పైకి లాగేదాకా ఉంటుంది. ధ్రువ రాత్రి నీటిలో వేసవికంటే ఎక్కువ రకాల జీవులు ఉంటాయని ఆ సంచులు చూపించాయి.